చిన్న మెదడు కథ: మా బాబాయ్ ఆ రోజు తాగలేదు

ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేద్దాం. ఫోన్ ఒక చేత్తో పట్టుకోండి. రెండో చెయ్యి పూర్తిగా ముందుకి చాపండి. ఇప్పుడు కళ్ళు మూసుకుని, చూపుడు వేలితో మీ ముక్కు కొన తాకండి.

తాకారా? చాలామందికి ఒక్కసారికే తగిలి ఉంటుంది. ఇప్పుడు చెప్పండి, ఎలా తాకారు? మోచెయ్యి ఎంత మడవాలి, భుజం ఎంత తిప్పాలి, ముక్కు దగ్గరికి రాగానే ఎక్కడ బ్రేక్ వేయాలి, ఇవేవీ మీరు ఆలోచించలేదు. ఆ లెక్కలో పెద్ద భాగం వేసింది మీ తల వెనక, మెడకి కాస్త పైన ఉన్న ఒక చిన్న ముద్ద. మన టెక్స్ట్‌బుక్కుల్లో దాని పేరు అనుమస్తిష్కం. ఇంగ్లీషులో సెరిబెల్లం. లాటిన్‌లో ఆ మాటకి అర్థమే చిన్న మెదడు. నేను కూడా చిన్న మెదడు అనే అంటాను.

నేను డాక్టర్ని కాదు. బీటెక్ చేసి, కొన్నేళ్ళు కోడ్ రాసి, ఇప్పుడు మీ ముందు కూర్చుని కథలు చెప్తున్నవాణ్ణి. ఈ టాపిక్ మీద నేను పడటానికి కారణం మా బాబాయ్.

బాబాయ్ టైలర్. ముప్ఫై ఏళ్ళుగా అదే పని. రెండేళ్ళ క్రితం ఒక రోజు పొద్దున్నే షాపు తెరవడానికి వెళ్తూ, బస్టాండ్ దగ్గర తూలాడు. కళ్ళు తిరిగాయి, వాంతి అయింది. లేచి నడవబోతే అడుగులు అడ్డదిడ్డంగా పడ్డాయి. మాట ముద్దగా వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఏమనుకున్నారో మీకు అర్థమయ్యే ఉంటుంది. "పొద్దున్నే వేసుకొచ్చాడ్రా" అన్నారు. ఎవరూ చెయ్యి పట్టుకోలేదు. మా బాబాయ్‌కి జీవితంలో మందు అలవాటే లేదు. చివరికి తెలిసినతను ఒకాయన చూసి, దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్‌కి తీసుకెళ్ళాడు. అక్కడ గ్యాస్ అన్నారు, ఒక ఇంజెక్షన్ వేసి ఇంటికి పంపేశారు. మర్నాడు కూడా నిలబడలేకపోతుంటే వేరే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఎమ్మారై తీశాక డాక్టర్ గారు చెప్పారు: చిన్న మెదడులో కుడివైపు స్ట్రోక్.

నాకు అర్థం కాలేదు. స్ట్రోక్ అంటే పక్షవాతం కదా, చెయ్యి కాలు పడిపోవాలి కదా? బాబాయ్ నా చెయ్యి గట్టిగానే పట్టుకున్నాడు. బలం ఉంది. బుర్ర పనిచేస్తోంది, అందర్నీ గుర్తుపడుతున్నాడు. మరి పోయింది ఏంటి?

ఆ ప్రశ్న పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. తీరా చూస్తే, సరిగ్గా ఈ ప్రశ్న దగ్గరే మనుషులు రెండు వేల ఏళ్ళకి పైగా తికమక పడ్డారు. ఈ రోజు ఆ కథ.

క్రీస్తు పూర్వం 3వ శతాబ్దం. ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరం. అక్కడ ఎరసిస్ట్రేటస్ అనే గ్రీకు వైద్యుడు మనుషుల మెదళ్ళనీ జంతువుల మెదళ్ళనీ కోసి పోల్చి చూశాడు. కుందేలు, జింక లాంటి బాగా పరిగెత్తే జంతువుల్లో చిన్న మెదడు మీద ముడతలు ఎక్కువగా కనిపించాయి. అంటే దీనికీ పరుగుకీ ఏదో సంబంధం ఉందని ఊహించాడు. మనిషిలో ముడతలు ఇంకా ఎక్కువ కాబట్టి, తెలివికి కూడా అదే కారణం అన్నాడు.

నాలుగు శతాబ్దాల తర్వాత వచ్చిన గేలెన్ దీన్ని ఎగతాళి చేశాడు. ముడతలే తెలివైతే గాడిద మెదడులోనూ బోలెడు ముడతలున్నాయి, దాని సంగతేంటి అన్నాడు. గేలెన్ సొంత సిద్ధాంతం వేరు. చిన్న మెదడు పట్టుకుంటే కాస్త గట్టిగా ఉంటుంది, కండరాల్ని కదిలించే నరాలు కూడా గట్టిగా ఉంటాయి, కాబట్టి ఆ నరాలు ఇక్కడి నుంచే పుడతాయి అన్నాడు. లాజిక్ బలహీనమే. కానీ గేలెన్ మాట యూరప్‌లో వెయ్యేళ్ళకి పైగా వేదవాక్కులా నడిచింది.

1664కి వద్దాం. ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న థామస్ విల్లిస్ మెదడు నిర్మాణం మీద ఒక పెద్ద పుస్తకం వేశాడు. అందులో బొమ్మలు గీసినవాళ్ళలో క్రిస్టఫర్ రెన్ ఒకడు. లండన్‌లో సెయింట్ పాల్స్ కెథీడ్రల్ కట్టిన ఆర్కిటెక్ట్ ఆయనే. విల్లిస్ ఏం గమనించాడంటే, పెద్ద మెదడు జంతువుని బట్టి బాగా మారుతోంది, చిన్న మెదడు మాత్రం అన్నింట్లో దాదాపు ఒకేలా ఉంది. అన్ని జంతువుల్లో ఒకేలా జరిగే పనులేంటి? గుండె కొట్టుకోవడం, ఊపిరి తీసుకోవడం. అందుకని అవి చిన్న మెదడు పనులే అని తేల్చాడు. వినడానికి భలే ఉంది. కానీ తప్పు. ఊపిరి నడిపించే కేంద్రాలు ఉన్నది చిన్న మెదడుకి సరిగ్గా ముందు, మెదడు కాండంలో. పక్కింటివాడు చేసిన పని వీడి ఖాతాలో రాశాడన్నమాట.

1776లో ఇటలీకి చెందిన మలకార్నె అనే సర్జన్ కేవలం చిన్న మెదడు మీదే ఒక పుస్తకం రాశాడు. దాని మీద ఉండే సన్నని మడతల్ని కూర్చుని ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు. మడతల సంఖ్యకీ తెలివికీ సంబంధం ఉందని ఆయన నమ్మకం. అది నిలబడలేదు. కానీ ఆ ఓపికకి దండం పెట్టాలి.

ఆ మడతల గురించి ఒక మాట. చీర కుచ్చిళ్ళు తెలుసు కదా? గజాల గుడ్డ బెత్తెడు వెడల్పులోకి వచ్చేస్తుంది. చిన్న మెదడు పైపొర కూడా అలాగే మడతలు పడి ఉంటుంది. 2020లో అమెరికాలో ఒక బృందం కంప్యూటర్‌లో దాన్ని విప్పి చూస్తే, దాదాపు మీటరు పొడవు, పది సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పట్టీ వచ్చింది. పెద్ద మెదడు పైపొర వైశాల్యంలో ఇది మూడొంతులకి పైనే. బరువు చూస్తే మొత్తం మెదడులో పదో వంతు మాత్రమే.

మళ్ళీ కథలోకి. 1800లో ఇటలీలో వోల్టా బ్యాటరీ కనిపెట్టాడు. లోహపు బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పేర్చితే కరెంటు వస్తోంది. యూరప్ మొత్తం దాని గురించే మాట్లాడుకుంది. తొమ్మిదేళ్ళ తర్వాత, 1809లో, సార్డీనియా ద్వీపంలో ఉన్న లూయిజీ రోలాండో చిన్న మెదడు కోసి చూశాడు. పొరలు పొరలుగా కనిపించింది. ఇంకేం, ఇది బ్యాటరీ, కండరాలకి కరెంటు ఇక్కడి నుంచే సప్లై అవుతుంది అన్నాడు. నవ్వకండి. మనం మాత్రం తక్కువా? ఈ రోజు మెదడు అనగానే కంప్యూటర్ అంటాం. ఏ కాలంవాళ్ళు ఆ కాలపు మిషన్‌నే మెదడులో చూసుకుంటారు.

నిజానికి రోలాండో ఒక మంచి పని చేశాడు. పోలికలతో సరిపెట్టుకోకుండా జంతువుల్లో చిన్న మెదడుని దెబ్బతీసి ఏం జరుగుతుందో చూశాడు. తెలివీ స్పర్శా అలాగే ఉన్నాయి, కదలిక మాత్రం చెడింది. కుడివైపు దెబ్బతింటే కుడివైపే చెడింది. ఇది గుర్తుపెట్టుకోండి. పెద్ద మెదడు సంగతి రివర్స్: అక్కడ ఎడమవైపు దెబ్బతింటే కుడి చెయ్యి పోతుంది. చిన్న మెదడుది మాత్రం ఎటువైపు దెబ్బ అటువైపే.

ఇప్పుడు అసలు మలుపు. పారిస్, 1824. పియర్ ఫ్లూరెన్స్ అనే యువకుడు పావురాల మీద చేసిన ప్రయోగాల్ని పుస్తకంగా వేశాడు. పావురం చిన్న మెదడుని పలచని పొరలుగా, కొంచెం కొంచెంగా తీస్తూ పోయాడు. వినడానికి ఘోరంగా ఉంటుంది. అప్పటి సైన్స్ అలాగే నడిచింది, దాన్ని నేను అందంగా చెప్పబోవట్లేదు. మొదటి పొరలు తీసినప్పుడు పక్షి కాస్త బలహీనపడింది. మధ్యకి వచ్చేసరికి తాగినట్టు తూలింది. మొత్తం తీసేశాక నిలబడలేకపోయింది. కానీ దానికి కళ్ళు కనిపిస్తున్నాయి, చెవులు వినిపిస్తున్నాయి. కొట్టబోతే తప్పించుకోవాలని చూస్తోంది. రెక్కలు కాళ్ళు కదుపుతోంది. ఆ కదలికలన్నీ కలిసి ఒక నడక అవ్వట్లేదు, ఒక ఎగరడం అవ్వట్లేదు. అంతే తేడా.

దీన్నుంచి ఫ్లూరెన్స్ తేల్చింది ఇది. చిన్న మెదడు కదలికని పుట్టించదు. కదలికల్ని ఒకదానితో ఒకటి కుదురుస్తుంది. సమన్వయం. గేలెన్ నరాలన్నాడు, విల్లిస్ గుండె అన్నాడు, రోలాండో కరెంటన్నాడు. అందరూ "ఇది ఏం పుట్టిస్తుంది" అని వెతికారు. దీని పని పుట్టించడం కాదు, సరిదిద్దడం.

ఇక్కడ నేను చదవడం ఆపి కాసేపు అలా కూర్చుండిపోయాను. తాగినట్టు తూలింది అన్నది రెండు వందల ఏళ్ళ నాటి మాట. మా ఊరి బస్టాండ్‌లో జనం అన్నదీ అదే మాట. పోలిక ఊరికే రాలేదు కూడా. మందు బాగా ప్రభావం చూపించే భాగాల్లో చిన్న మెదడు ఒకటి. తాగినవాడి తూలుడుకీ, మాట ముద్దగా రావడానికీ ఒక కారణం అదే. అంటే జనం చూసింది సరిగ్గానే చూశారు. అర్థం చేసుకోవడంలోనే పొరబడ్డారు.

సరే, లోపల ఏముంది? 1837లో ప్రాగ్ నగరంలో జరిగిన ఒక సభలో చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే, చిన్న మెదడులో వరుసగా పేర్చినట్టున్న పెద్ద పెద్ద కణాల్ని మైక్రోస్కోప్‌లో చూసి వర్ణించాడు. ఇప్పటికీ అవి ఆయన పేరు మీదే ఉన్నాయి. వాటి ఆకారం పూర్తిగా కనిపించడానికి ఇంకొన్ని దశాబ్దాలు పట్టింది. పుస్తకంలో దాచుకున్న రావి ఆకు ఎండిపోయి ఈనెలు మాత్రం మిగిలితే ఎలా ఉంటుంది? పుర్కిన్యే కణం కొమ్మలు అలా ఉంటాయి. పలచగా, వలలాగా.

అప్పట్లో ఒక పెద్ద గొడవ ఉండేది. మెదడు మొత్తం ఒకే అతుకుల్లేని వలా, లేక విడివిడి కణాలా? 1888లో బార్సిలోనాలో శాంటియాగో రమోన్ ఇ కహాల్ పక్షుల చిన్న మెదడుని గోల్జీ కనిపెట్టిన వెండి రంగుతో చూశాడు. నరాల కొసలు పుర్కిన్యే కణాల చుట్టూ బుట్టలా అల్లుకున్నాయి కానీ వాటిలో కలిసిపోలేదు. అంటే కణాలు విడివిడివే. దీన్ని అచ్చువేసేవాళ్ళ కోసం ఎదురుచూడకుండా, సొంత డబ్బుతో ఒక పత్రిక పెట్టి 60 కాపీలు వేసి పంచాడు. ఈ రోజు న్యూరాన్ అని మనం చదువుకునే పాఠానికి మొదటి గట్టి సాక్ష్యం చిన్న మెదడు నుంచే వచ్చింది. 1906లో కహాల్‌కీ గోల్జీకీ కలిపి నోబెల్ ఇచ్చారు. తమాషా ఏంటంటే, గోల్జీ తన నోబెల్ ప్రసంగంలో కూడా కహాల్ సిద్ధాంతాన్ని ఒప్పుకోలేదు.

ఇదంతా పక్షులు, కుక్కల మీద. మనిషి సంగతి? అది యుద్ధం చెప్పింది.

మొదటి ప్రపంచ యుద్ధం. ఫ్రాన్స్ తీరంలో బులోన్ దగ్గర బ్రిటిష్ సైనిక ఆసుపత్రి. అక్కడ గోర్డన్ హోమ్స్ అనే ఐరిష్ న్యూరాలజిస్ట్ పనిచేశాడు. యుద్ధం మొదలైనప్పుడు బ్రిటిష్ సైనికులకి ఇనుప హెల్మెట్లే లేవు. 1915 చివర్లో రావడం మొదలైనా, అవి పళ్ళెం బోర్లించినట్టు ఉండేవి, తల వెనక కింది భాగం కప్పేవి కావు. అందుకని అక్కడ తూటా తగిలిన కుర్రాళ్ళు చాలామంది వచ్చేవాళ్ళు. మీ వయసువాళ్ళు, నా వయసువాళ్ళు. హోమ్స్ ఒక్కొక్కరినీ జాగ్రత్తగా పరీక్షించి 1917లో ఒక పెద్ద వ్యాసం రాశాడు. ముక్కు తాకమంటే వేలు దాటిపోయి చెంపకి తగలడం, గమ్యం దగ్గరికి వచ్చేకొద్దీ చెయ్యి వణకడం, కదలిక ఆలస్యంగా మొదలై ఆలస్యంగా ఆగడం, కండరాలు వదులైపోవడం, అన్నీ అందులో ఉన్నాయి. ఈ రోజు న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్తే ముక్కు తాకమనడం, అరచేతిని గబగబా తిప్పమనడం చేస్తారు కదా. ఆ రెండోదాన్ని అంతకుముందే, 1902లో, పారిస్‌లో బాబిన్‌స్కీ వివరించాడు. నూరేళ్ళు దాటింది, పరీక్ష ఇంకా అదే.

హోమ్స్ రోగుల్లో కుడివైపు చిన్న మెదడు దెబ్బతిన్న ఒకతను ఏం చెప్పాడో నేను నా మాటల్లో చెప్తాను. ఎడమ చెయ్యి తన పని తాను చేసుకుపోతుంది, కుడి చేతికి మాత్రం ప్రతి కదలికా ఆలోచించి చెప్పాల్సి వస్తోందట. మధ్యలో తిప్పాల్సి వస్తే పూర్తిగా ఆగి, ఆలోచించుకుని, మళ్ళీ మొదలుపెట్టాలట.

ఇది చదివి బాబాయ్‌కి ఫోన్ చేశాను. అప్పటికి ఆయన ఇంటికొచ్చి మూడు నెలలు. "నీకూ ఇలాగే ఉందా బాబాయ్?" అని అడిగాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "ముప్ఫై ఏళ్ళు కాజాలు కుట్టానురా. నా చెయ్యి నాకు తెలుసనుకున్నాను. ఇప్పుడు సూది పట్టుకుంటే, ఇటు పోవే, ఇక్కడ ఆగవే అని పిల్లకి చెప్పినట్టు చెప్పాల్సొస్తోంది. నీకెవరు చెప్పారు?" ఫ్రాన్స్‌లో వందేళ్ళ క్రితం ఒక సైనికుడు చెప్పాడు బాబాయ్, అన్నాను.

మన దేశానికీ ఈ కథలో చోటుంది. 1971లో ముంబైకి చెందిన న్యూరాలజిస్ట్ నోషిర్ వాడియా, తొమ్మిది కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తున్న ఒక జబ్బుని వివరించాడు. చిన్న మెదడు క్షీణిస్తూ పోతుంది, దాంతోపాటు కంటి కదలికలు బాగా నెమ్మదిస్తాయి. ఆ నెమ్మదించిన చూపే దాని గుర్తు అని చెప్పింది ఆయనే. ఇప్పుడు ఎస్‌సీఏ2 అని పిలిచే జబ్బుకి సంబంధించిన తొలి వివరణల్లో అది ఒకటి. దాని జన్యువు 1996లో దొరికింది. ఇలాంటి జబ్బులున్న కుటుంబాలు మన దగ్గరా ఉన్నాయి. వాళ్ళు కూడా రోడ్డు మీద "తాగుబోతు" అనే మాట పడుతూనే ఉంటారు.

ఇక ఇంజనీర్లకి నచ్చే భాగం. 1967లో ఎక్లెస్, ఇటో, సెంటాగొటై అనే ముగ్గురు శాస్త్రవేత్తలు చిన్న మెదడు సర్క్యూట్‌ మొత్తం గీసి పుస్తకం వేశారు. దాని ప్రకారం ఒక్కో పుర్కిన్యే కణానికి లక్షకి పైగా సన్నని తీగల నుంచి సమాచారం వస్తుంది. వాటితో పాటు ఒకే ఒక్క బలమైన తీగ దాని ఒంటికి పాకి ఉంటుంది. ఇక ఆ కణం బయటికి పంపేది ఒకటే: "ఆగు" అనే సంకేతం. 1969లో డేవిడ్ మార్ అనే ఇంగ్లీషు కుర్రాడు, అప్పటికి 24 ఏళ్ళు, ఒక ఊహ చేశాడు. ఆ లక్ష తీగలు ఇన్‌పుట్, ఆ ఒక్క తీగ టీచర్ అన్నాడు. 1971లో అమెరికన్ ఇంజనీర్ జేమ్స్ ఆల్బస్ దాన్ని సవరించాడు: తప్పు జరిగినప్పుడు టీచర్ గిల్లుతుంది, ఆ తప్పుకి కారణమైన తీగల కనెక్షన్ బలహీనపడుతుంది. 1982లో ఇటో బృందం ప్రయోగంలో అలాంటి మార్పునే చూపించింది. ఇదే మొత్తం కథ కాదని తర్వాతి పరిశోధనలు చెప్పాయి, కానీ పునాది ఇప్పటికీ అదే. మెషిన్ లర్నింగ్ కోర్సులో ఎర్రర్ చూసి వెయిట్స్ మార్చడం అని చదివాం కదా. సైకిల్ నేర్చుకుంటూ పడ్డ ప్రతిసారీ మీ తలలో జరిగింది దానికి దగ్గరి చుట్టం.

ఇంకో లెక్క. 2009లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు మనిషి మెదడులో న్యూరాన్లు లెక్కగట్టారు. సుమారు 8,600 కోట్లు. అందులో చిన్న మెదడులోనే సుమారు 6,900 కోట్లు. పెద్ద మెదడు పైపొరలో 1,600 కోట్లే. పదో వంతు బరువున్న ముద్దలో, పది న్యూరాన్లలో ఎనిమిది. కేవలం నడకకే అన్ని కావాలా? 1998లో బోస్టన్‌కి చెందిన ష్మామన్, షెర్మన్ అనే ఇద్దరు డాక్టర్లు, చిన్న మెదడు దెబ్బతిన్న కొందరిలో ప్లానింగ్, మాట, ఉద్వేగాలు కూడా గాడి తప్పుతాయని వివరించారు. అంటే అది అడుగుల్ని సరిదిద్దినట్టే ఆలోచనల్నీ సరిదిద్దుతుందేమో. ఆ పరిశోధన ఇంకా నడుస్తోంది.

మరి బాబాయ్‌లో పోయింది ఏంటి? బలం పోలేదు, తెలివి పోలేదు, ఇష్టం పోలేదు. ఆ మూడింటినీ కలిపి కుట్టే దారం తెగింది.

ఇప్పుడు ముఖ్యమైన మాట. ఉన్నట్టుండి ఎవరైనా తూలుతుంటే, కళ్ళు తిరిగి వాంతులవుతుంటే, మాట ముద్దగా వస్తుంటే, ఒక వస్తువు రెండుగా కనిపిస్తోందంటే, అది స్ట్రోక్ కావచ్చు. చెయ్యి కాలు బాగానే ఉన్నాయి కదా అని వదిలేయొద్దు. వెంటనే 108కి ఫోన్ చేసి, స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళండి. గడ్డని కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. మొదట్లో సీటీ స్కాన్‌లో ఇది కనిపించకపోవచ్చు కూడా, అందుకే ఎమ్మారై గురించి అడగండి. తర్వాతి రోజుల్లో చిన్న మెదడు వాచి మెదడు కాండాన్ని నొక్కితే ప్రాణానికే ముప్పు. మా బాబాయ్ ఒక రోజు ఆలస్యంగా వెళ్ళి కూడా బయటపడ్డాడు. అందరికీ ఆ అదృష్టం ఉండదు.

బాబాయ్ మళ్ళీ షాపు తెరిచాడు. కాజాలు ఇప్పుడు వేరే కుర్రాడు కుడుతున్నాడు, కటింగ్ మాత్రం బాబాయ్‌దే. నెమ్మదిగా. పోయిన పండక్కి నాకు ఒక చొక్కా కుట్టి ఇచ్చాడు. కుడి జేబు మీద కుట్టు కాస్త వంకరగా ఉంది. విప్పి మళ్ళీ కుడతానన్నాడు. వద్దన్నాను. ఈ ఎపిసోడ్‌లో నేను వేసుకున్నది ఆ చొక్కానే.

ఈసారి రోడ్డు మీద ఎవరైనా తూలుతూ కనిపిస్తే, తాగాడని అనుకునే ముందు ఒక్క నిమిషం ఆగి పలకరించండి. ముక్కు తాకమనండి. ఉంటాను మరి.